ఎంక్వైరీకి రాని మనిషి

ఈ సంగతి నాకు మొదట చెప్పింది గుండీల ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా టీ కొట్టు నడిపే అక్క. ఆమె చెప్పిన వారానికి వ్యాను డ్రైవరు కూడా చెప్పాడు గానీ అతని మాట నేను లెక్కలోకి తీసుకోను. అతను చెప్పేదాంట్లో ముసలాయన భోరుమని ఏడ్చాడని ఉంటుంది. ఏడవలేదు. అక్కని రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ లేదనే చెప్పింది. ఆ డ్రైవరు నా గొడుగు పట్టుకెళ్లి నాలుగేళ్లయింది, ఇంతవరకు తిరిగివ్వలేదు. అలాంటివాడు ఇంకొకడి కన్నీళ్ల గురించి చెబితే నేనెందుకు నమ్మాలి? కాబట్టి ఇక్కడ రాసేది అక్క చెప్పింది చెప్పినట్టు.

ముసలాయన్ని అందరూ నోటీసు మావయ్య అంటారు. ఆ ఫ్యాక్టరీ టైమాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరికి సెలవు, ఎవరికి మెమో, ఎవరిని ఏ రూలు కింద ఉంచాలి, ఏ రూలు కింద పంపాలి, అంతా ఆయన చేతి మీదుగానే నడిచేది. రిటైరై పదమూడేళ్లు. భార్య పోయి ఆరేళ్లు. కూతురు దూరాన ఉంటుంది, ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది, ఆ ఫోనులోనూ ఎక్కువ మాట్లాడేది మనవరాలే. రెండు గదుల ఇంట్లో ఆయనా, గోడ గడియారమూ.

పొద్దున ఏడున్నరకి కొట్టుకి వచ్చి "టీ" అంటాడు చూడండి, ముందురోజు పదకొండింటికి కొట్టు నుంచి లేచి వెళ్లాక ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. ఆ ఒక్క మాటా బొంగురుగా, మధ్యలో విరిగి వచ్చేదట. గొంతుకి తుప్పు వదలడానికి సగం గ్లాసు పట్టేదని అక్క అంటుంది. తుప్పు వదిలాక ఇక ఆగేది లేదు, మాటలు కోటలు దాటేవి. వినేవాళ్లు బస్సు వచ్చేదాకా వింటారు. బస్సు వస్తే ఆయన మాట నోట్లో ఉండగానే లేచిపోతారు. మిగిలిన సగం మాటా ఆయన చేతిలో గ్లాసుకి చెప్పుకునేవాడు.

ఆ రోజు మాత్రం అలా జరగలేదు. ఆ రోజు ఒకడు నిజంగా అడిగాడు.

అడిగినవాడు టైలరు. ఒకప్పుడు ఒక్క మిషను పెట్టుకుని వీధి వరండాలో కుట్టేవాడు, ఇప్పుడు తొమ్మిది మిషన్లు, తొమ్మిదిమంది మనుషులు. కత్తెర్లు మొద్దుబారాయని సాన పట్టే మనిషిని పిలిపించి, ఆ పని అయ్యేదాకా టీ తాగుదామని కొట్టు దగ్గర నిలబడ్డాడు. సాన మనిషి నెరిసిన గడ్డంతో, రెండు వారాలకోసారి సైకిలుకి రాయి బిగించుకుని ఆ రోడ్డుకి వచ్చే మనిషి. కొట్టు పక్కనే సైకిలు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ కత్తెర్లకి సాన పడుతున్నాడు. బల్ల మీద డ్రైవరు ఉన్నాడు. పొయ్యి దగ్గర అక్క. అంతే, ఇంకెవరూ లేరు.

"మావయ్యా, నా దగ్గర కాజాలు కుట్టే అతను ఉన్నాడు కదా, వాడితో వేగలేకపోతున్నాను. వారానికి రెండు రోజులు ఎగ్గొడతాడు. అడిగితే ఇంట్లో పని ఉందంటాడు. రేపట్నుంచి రావొద్దని చెప్పేద్దామనుకుంటున్నా. మనకేమన్నా చుట్టుకుంటుందా?" అన్నాడు టైలరు.

మావయ్య గ్లాసు కింద పెట్టాడు. టీ సగంలో ఉండగా ఆయన గ్లాసు కింద పెట్టడం తానెప్పుడూ చూడలేదంటుంది అక్క.

"చుట్టుకుంటుందా అని మెల్లగా అడుగుతున్నావా? పనిలో చేరినప్పుడు వాడికి ఉత్తరం ఇచ్చావా?"

"ఉత్తరమెందుకు మావయ్యా, వాడు మా వీధివాడేగా."

"హాజరు పుస్తకంలో వాడి సంతకం ఉందా?"

"నేనే టిక్కు పెడతాను."

"రానప్పుడు ఎప్పుడైనా ఒక్క మెమో ఇచ్చావా?"

"తిట్టాను."

"తిట్టుకి తారీఖు ఉండదు నాయనా. రేపు వాడు లేబర్ ఆఫీసుకెళ్లి నన్ను ఊరికే తీసేశాడు మహాప్రభో అంటే, నువ్వు ఏ కాగితం చూపిస్తావు? నీ టిక్కులు చూపిస్తావా? మనిషిని పనిలోంచి తీయడమంటే చొక్కాకి గుండీ తెంపినట్టు కాదు. తప్పేమిటో రాసివ్వాలి, జవాబు చెప్పుకోడానికి గడువివ్వాలి, ఎంక్వైరీ పెట్టాలి, ఆ ఎంక్వైరీకి వాడు తన తరఫున తోటి పనివాణ్ణి ఒకణ్ణి తెచ్చుకోనివ్వాలి, వాడి మాట వినాలి. విని, అప్పుడు రాయాలి. ముందు రాసేసి తర్వాత వింటే చెల్లదు."

టైలరు తల గోక్కున్నాడు. "ఇవన్నీ నాకెక్కడొస్తాయి మావయ్యా. ఒక పని చేద్దాం. మీరు పొద్దున పూట మా షాపుకి వచ్చి కూర్చోండి. కటింగు బల్ల పక్కన ఒక కుర్చీ వేయిస్తాను. పుస్తకాలు మీరే రాద్దురు గాని. ఇలాంటివి నలుగురికి నడిపించిన చెయ్యి కదా మీది."

నలుగురికేమిటి అన్నట్టు చూశాడు మావయ్య. కానీ లోపల ఆయనకి కుర్చీ కనిపించింది. కటింగు బల్లకీ కిటికీకీ మధ్య ఖాళీ ఉంది, కుర్చీ అక్కడే వేస్తారు. తొమ్మిది మిషన్ల చప్పుడు. ఎవరో ఒకరు కాగితం పట్టుకొచ్చి, మావయ్యా ఇది ఒక్కసారి చూడండి, అంటారు. పదకొండు తర్వాత కూడా అంటారు. మధ్యాహ్నం కూడా. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాలి.

మామూలు మనిషైతే సరే వస్తానని చెప్పి టీ తాగేవాడు. ఈయన మామూలు మనిషి కాదు. కుర్చీ ఇంకా గట్టిగా పట్టుకోవాలంటే తానెంతటివాడో చెప్పాలనుకున్నాడు.

"నడిపించిన చెయ్యా? విను. పద్దెనిమిదేళ్ల కిందటి మాట. పాలిష్ డ్రమ్ముల దగ్గర ఒకడుండేవాడు. గుండీలు ముడిగా వస్తాయి కదా, వాటిని ఇసకతో కలిపి పెద్ద డ్రమ్ములో వేసి గిరగిరా తిప్పితే మెరుగొస్తుంది. ఆ డ్రమ్ము బెల్టుకి కట్టిన జాలీ ఊడిపోయింది, చెయ్యి పడితే పోతుంది, బిగించేదాకా మిషను నడపను అన్నాడు వాడు. ఫోర్‌మన్‌కి కోపమొచ్చి మాట వినలేదని రాసిచ్చాడు. ఓనరు నన్ను పిలిచి, సాయంత్రానికల్లా వీణ్ణి బయటికి పంపేయ్ అన్నాడు. నేనేమన్నానో తెలుసా? సార్, ఈ కుర్చీలో మీరు కూర్చున్నారు గానీ రూలు మీ పైన కూర్చుంది అన్నాను."

"ఓనరుతోనే?" అన్నాడు డ్రైవరు.

"ఓనరుతోనే. ఆయన గజగజ వణికాడు. సస్పెన్షన్ ఇచ్చాం, ఛార్జిషీటు ఇచ్చాం, ఎంక్వైరీకి తారీఖు వేశాం. ఇక నోటీసు వాడి చేతికి అందాలి. అందకపోతే అంతా వరదలో కొట్టుకుపోయినట్టే. పోస్టుని నమ్మకుండా నేనే బయల్దేరాను. వాడింటికి వెళ్లాను. తాళం వేసి ఉంది."

ఇక్కడిదాకా మామూలే. తాళం వేసిన ఇల్లు ఎవరూ నమ్మకపోవడానికి ఏముంది? టైలరు తల ఊపాడు. సాన రాయి మీద కత్తెర చిరచిరలాడింది.

"తాళం చూసి నేను తిరిగొస్తానా? పక్కింటావిడ వాళ్లత్తగారి ఊరెళ్లాడని చెప్పింది. సైకిలెక్కాను. ముప్పై మైళ్లు. సగం దారిలో చెయిను తెగిపోయింది. తెగితే ఆగుతానా, సైకిలు భుజాన వేసుకుని పరిగెత్తాను. ఎంత వేగంగా పరిగెత్తానంటే ఒక బస్సు దాటాను, ఆ బస్సు కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, పెద్దాయనా, ఎక్కుతారా అనడిగితే, నాకు తొందర పని ఉందయ్యా, బస్సులో కుదరదు అన్నాను."

"మరి సైకిలు భుజానెందుకు మావయ్యా, పక్కన పారేయాల్సింది," అన్నాడు డ్రైవరు.

"అది కంపెనీ సైకిలు. పారేస్తే నా మీద ఎంక్వైరీ పడుతుంది."

డ్రైవరు నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నవ్వు వినపడేసరికి మావయ్య నడుము నిటారుగా అయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను దూరం నుంచి చూడగానే వాడు నీళ్ల ట్యాంకెక్కేశాడు. నూటఎనభై మెట్లు. నేనూ ఎక్కాను. పైకెళ్లి నోటీసు అందించబోతే వాడు కిందుగా పోతున్న గూడ్సు బండి మీదికి దూకాడు. నేనూ దూకాను. సరిగ్గా అప్పుడే బండి సొరంగంలోకి వెళ్లింది. చిమ్మచీకటి. ఇంకొకడైతే వదిలేసేవాడే. కానీ రూలేమిటి? నోటీసు తీసుకోనన్నవాడికి వాడికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. అగ్గిపుల్ల గీశాను, ఒక వాక్యం చదివాను, ఆరిపోయింది. ఇంకోటి గీశాను. మొత్తం ఎనభై నాలుగు పుల్లలు. సంతకం దాకా చదివేసరికి సొరంగమూ అయిపోయింది, పెట్టె కూడా ఖాళీ అయింది."

"పేరాలు ఎక్కువే పెట్టినట్టున్నారు," అన్నాడు డ్రైవరు.

"తక్కువ పెడితే కోర్టులో కొట్టేస్తారు. అక్కడితో అయిందనుకున్నావా? సొరంగం దాటగానే వంతెన. వాడు నదిలోకి దూకాడు. నేను నోటీసు పళ్ల మధ్య పట్టుకుని దూకాను."

"తడిసిపోలేదా?" అంది అక్క పాలు పొంగకుండా ఊదుతూ.

"సిరా నేనే కలుపుకునేవాణ్ణి. ఆ సిరాతో రాసింది ఏరు తడిపినా చెదరదు, కన్నీళ్లు తడిపినా చెదరదు. ఏటి మధ్యలో వాణ్ణి పట్టుకుని జేబులో పెట్టేశాను. పెట్టానా, అప్పుడు గుర్తొచ్చింది, ఇద్దరు సాక్షులు కావాలి. నది నడుమ సాక్షుల్ని ఎక్కణ్ణించి తేను? ఒక చేపల పడవవాడు దొరికాడు, వేలిముద్ర వేశాడు. రెండోవాడు లేడు. వాడు లేకపోతే ఇంత కష్టమూ ఏట్లో చింతపండు పిసికినట్టే. అప్పుడు ఒక తాబేలు తల పైకెత్తి చూసింది. జరిగింది కళ్లారా చూసిన సాక్షి కదా, కాలు సిరాలో ముంచి ముద్ర వేయించాను."

"తాబేలు పేరు రాశారా మావయ్యా?"

"పేరెందుకు, ముద్ర చాలు. మూడు వందల ఏళ్లు బతుకుతుంది, ఏ కోర్టు ఎప్పుడు పిలిచినా వచ్చి చెప్పగలదు. మనిషి సాక్షి అయితే మధ్యలో పోతాడు."

డ్రైవరు బల్ల మీద చెయ్యి కొట్టాడు. ఏడూ నలభై బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. డ్రైవరు వ్యాను దగ్గరికి వెళ్లాల్సినవాడు, వెళ్లలేదు. ఆ బల్ల మీద పదమూడేళ్లలో బస్సు పోయినా వినేవాళ్లు కూర్చుని కథ సాగడం అదే మొదటిసారి. మావయ్య ఆ సంగతి గమనించాడు. గమనించాక ఆయన్ని పట్టేవాడెవడు?

"ఇది తెలిసి లేబర్ ఆఫీసరు వచ్చాడు. ఒక్కడు కాదు, పదకొండు మంది గుమస్తాలు, రెండు లారీల నిండా ఖాళీ పెట్టెలు, తప్పులు దొరికితే నింపుకుపోదామని. నలభై రోజులు వెతికారు. నా హాజరు మస్టర్లు, నా ప్రమాదాల పుస్తకం, నా సెలవుల పుస్తకం. నలభయ్యో రోజున ఒక్క కామా దొరికింది, అక్కర్లేని చోట ఉంది. ఆఫీసరు ఎగిరి గంతేశాడు. భూతద్దం తెచ్చి చూస్తే అది దోమ. నా రాత మీద వాలి, చదువుతూ చదువుతూ ప్రాణం విడిచింది. పెట్టెలు ఖాళీగానే వెళ్లాయి. పెద్ద కోర్టు జడ్జి నా ఫైలు తెప్పించుకుని రోజూ పడుకునే ముందు రెండు పేజీలు చదివేవాడట. ఓనరు అయితే గేటు దగ్గర నా విగ్రహం పెడతానన్నాడు. నేనే వద్దన్నాను."

"ఎందుకొద్దన్నారు?" అన్నాడు టైలరు.

"విగ్రహమైనా సరే రోజుకి ఎనిమిది గంటలు గేటులో నిలబడుతుంది కదా. మధ్యలో అరగంట విశ్రాంతి ఇవ్వాలి, నీడ వేయాలి, తాగడానికి నీళ్లు పెట్టాలి, ఆదివారం దింపాలి. దింపకపోతే ఓవర్‌టైము. కంపెనీకి ఆ చిక్కు నా వల్ల రాకూడదని వద్దన్నాను."

ఈసారి టైలరు కూడా పగలబడి నవ్వాడు. నవ్వుతూనే, యజమాని కదా, తనకి కావలసింది అడిగాడు.

"అంతా బాగుంది మావయ్యా. మరి ఎంక్వైరీ రోజున వాడేమన్నాడు? వాడి తరఫున ఎవరినైనా తెచ్చుకున్నాడా?"

మావయ్య గ్లాసు తీసుకున్నాడు. చల్లారిపోయింది.

"రాలేదు."

"రాలేదా?"

"మూడుసార్లు పేరు పిలిచాం. రాలేదు. హాజరు కాలేదని రాశాం. తీసేశాం."

బస్సు కంటే వేగంగా పరిగెత్తిన మనిషి, అక్కడ మాత్రం నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. అందులో అగ్గిపుల్ల లేదు, తాబేలు లేదు. ఎవరూ పట్టించుకోలేదు. అక్క మాత్రం పట్టించుకుంది. ఇన్నేళ్లుగా ఆ కథ ఎన్నిసార్లు విన్నా, ట్యాంకు మెట్లు పెరిగేవి, పుల్లలు పెరిగేవి, ఈ చోటు మాత్రం ఏడాదికేడాది కురచైపోయేదని చెప్పింది నాకు.

సాన రాయి ఆగింది.

"అయ్యా," అన్నాడు సాన మనిషి. కత్తెర వేలితో తడిమి చూసుకుంటున్నాడు, తల ఎత్తలేదు. "ఆ నోటీసు ఎక్కడ అంటించారు?"

"అంటించడమేమిటి? చేతికిచ్చానని చెప్తున్నాగా."

"ట్యాంకు ఎక్కినవాడు ఎవరో నాకు తెలీదయ్యా. నాకు ఎత్తు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఈతా రాదు. నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ వారమంతా ఇంట్లోనే ఉన్నాను, బయటికెళ్తే నోటీసు వచ్చి తిరిగిపోతుందేమోనని. తాళం వేయడానికి మా ఇంటి తలుపుకి గొళ్లెం కూడా లేదు."

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు.

"క్యాంటీన్ పక్కన బోర్డు మీద అంటించారు," అన్నాడు సాన మనిషి. "గేటు లోపల. మీరే ఇచ్చిన సస్పెన్షన్ కాగితంలో రెండో వాక్యం ఏముందో గుర్తుందా? ఎంక్వైరీ అయ్యేదాకా ఫ్యాక్టరీలో అడుగు పెట్టకూడదని. అడుగు పెట్టకూడని మనిషికి అడుగు పెడితేనే కనిపించే చోట అంటించారు."

మావయ్య చల్లారిన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"మా బావ ప్యాకింగులో చేసేవాడు. వాడు చూసి చెప్తే తారీఖు తెలిసింది. తెల్ల చొక్కా వేసుకుని, డ్రమ్ముల దగ్గర నాతో చేసే ముసలాయన్ని సాక్ష్యానికి బతిమాలుకుని, తొమ్మిదింటికే గేటు దగ్గరికి వచ్చాను. ఆయన్ని డ్యూటీకని నేరుగా డ్రమ్ముల దగ్గరికి పంపారు, నన్ను ఆపేశారు. ఎంక్వైరీ నాదేనయ్యా అన్నాను. వాచ్‌మన్ మంచివాడు, టైమాఫీసుకి ఫోను చేశాడు. సస్పెండైన మనిషొకడు లోపలికి వస్తానంటున్నాడండీ అని చెప్పాడు. అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. వాచ్‌మన్ ఫోను పెట్టేసి, రూలు లేదంటున్నారు బాబూ అన్నాడు." అప్పుడు తల ఎత్తాడు. "ఆ ఫోను ఎత్తింది ఎవరో మీకు తెలుసు."

తెలుసు. ఆ ఫోను నల్లగా ఉండేది, తీగ మెలికలు పడి ఉండేది. మావయ్య దాన్ని ఎత్తి, వాచ్‌మన్ మాట సగం విని, సస్పెండైనవాణ్ణి లోపలికి పంపే రూలు లేదు అని పెట్టేసి, ఫైలు చంకన పెట్టుకుని ఎంక్వైరీ గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. రూలు అడిగితే రూలు చెప్పడం ఆయనకి ఊపిరి తీసుకోవడం లాంటిది, ఆలోచించి చేసేది కాదు. పేరు ఒకసారి పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలుస్తున్నప్పుడు తట్టింది, గేటు దగ్గరున్నది వీడేనని. ఆ నెలలో ఫ్యాక్టరీ మొత్తానికి సస్పెండైనవాడు ఒక్కడే.

అప్పుడు లేచి గేటు దాకా నడిస్తే నూటయాభై అడుగులు. కానీ ఎదురుగా ఓనరున్నాడు, ఫోర్‌మన్ ఉన్నాడు. లేస్తే ఎందుకు లేచావంటారు. నోటీసు లోపలి బోర్డుకి అంటించానని, వాడింటికి అసలు పోనేలేదని, వాన పడుతోందని మానేశానని చెప్పాలి. నిప్పులాంటి చెయ్యి అని పేరున్న చెయ్యి. హాజరు కాలేదు అని రాసింది. ఆ సాయంత్రం భార్య ఏమిటలా ఉన్నారని అడిగితే, వాడింటికి వెళ్లాను, తాళం వేసి ఉంది అన్నాడు. అదే మొదటి అబద్ధం. ఆమె నమ్మింది. ట్యాంకూ, బండీ, నదీ ఆ తాళం మీద ఒక్కొక్కటిగా తర్వాత కట్టుకున్నవి.

"అయిదింటికి మీరు సైకిలు మీద బయటికొచ్చారు," అన్నాడు సాన మనిషి. "అప్పటిదాకా నిలబడే ఉన్నాను. అయ్యా అన్నాను. మీరు నా మొహం చూడలేదు. రేపు రా అన్నారు. మర్నాడు వచ్చేసరికి తీసేసిన కాగితం గేటు దగ్గర పెట్టి ఉంది."

"ఇన్నేళ్లు ఈ రోడ్డుకి వస్తున్నావు," అంది అక్క, "ఒక్కసారైనా అన్లేదేం అన్నా?"

"నేనొచ్చేసరికి ఎప్పుడూ పదవుతుందమ్మా. అప్పటికి ఈయన డ్రమ్ముల మనిషి కథ అయిపోయి ఇంకేదో కథలో ఉండేవారు. ఇవాళే తొందరగా వచ్చాను."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

"తాబేలు గురించి మీరు చెప్పింది బాగుందయ్యా," అన్నాడు సాన మనిషి. వెటకారం కాదు, నిజంగానే అన్నాడట. "ఆ అబద్ధం వల్ల ఎవరి పొయ్యీ ఆరలేదు. ఎవరూ నమ్మరు కాబట్టి. తాళం వేసి ఉందన్నారు చూడండి, అది అందరూ నమ్మారు. రాలేదని రాశారు చూడండి, అది మా ఆవిడ కూడా నమ్మింది. నువ్వు ఎంక్వైరీకి పోకుండా ఎక్కడ తిరిగావని చచ్చేదాకా అడిగింది. వచ్చానే అంటే, కాగితంలో రాలేదని ఉందిగా అనేది. నాకిప్పుడు ఆ ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు. వచ్చానని ఒక్క ముక్క రాయండి."

డ్రైవరు చెప్పే ఏడుపు ఇక్కడ జరగాలి. జరగలేదు. జరిగింది ఇది. మావయ్య అక్కని కాగితం అడిగాడు. అక్క సరుకుల పుస్తకంలోంచి ఒక పేజీ చింపి ఇచ్చింది. బల్ల మీద పెట్టుకుని రాశాడు. ఒకప్పుడు గంటకి పన్నెండు మెమోలు రాసిన చెయ్యి, ఆరు వరుసలకి అరగంట తీసుకుంది. నోటీసు నేను ఇంటికి తీసుకెళ్లలేదు. లోపలి బోర్డుకి అంటించాను. ఆ మనిషి ఆ రోజు తొమ్మిదింటికి గేటుకి వచ్చాడు. ఫోనులో లోపలికి పంపవద్దన్నది నేను. హాజరు కాలేదని రాసింది నేను. అది తప్పు. కింద సంతకం.

రాసి, లేచి, రోడ్డు దాటి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఎంతసేపు నిలబడ్డాడో అక్కకి కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు ఆ ఆఫీసు చూసే అమ్మాయి గేటు దాకా వచ్చింది, మర్యాదగానే మాట్లాడిందట. పాత ఫైళ్లు ఇక్కడ లేవండీ, పెద్దాఫీసుకి పంపేశారు. మీరిప్పుడు ఉద్యోగి కారు కదా, మీ కాగితం ఏ ఫైల్లో పెట్టాలో నాకు తెలీదు. ఎవరి పేరు మీద తీసుకోవాలో కూడా తెలీదు. ఆయన వాదించలేదు. ఆ అమ్మాయి చెప్పింది రూలేనని ఆయనకి తెలుసు.

తిరిగొచ్చి కాగితం సాన మనిషికి ఇవ్వబోయాడు. అతను తీసుకోలేదు.

"నాకెందుకయ్యా, నేను వచ్చినట్టు నాకు తెలుసుగా," అని, కత్తెర్లు టైలరు చేతికిచ్చి, స్టాండు తీసి వెళ్లిపోయాడు.

టైలరు కాసేపు అక్కడే తచ్చాడాడు. తప్పు పట్టడానికి వీల్లేని మనిషి. కాజాల అతన్ని ఇవాళ కూర్చోబెట్టి అడుగుతాను, ముందు అడగాల్సింది అదే కదా, అన్నాడు. అన్నట్టే అడిగాడు, వారంలో రెండు రోజులు తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడని తెలిసింది, పని వేళలు మార్చాడు. కుర్చీ మాట మాత్రం ఎత్తలేదు. మావయ్య కూడా ఎత్తలేదు. కటింగు బల్లకీ కిటికీకీ మధ్య ఆ ఖాళీలో ఇప్పుడు గుడ్డ తానులు పెట్టారు, నేను చూశాను.

మర్నాడు ఆయన కొట్టుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అయిదో రోజు అక్క ఫ్లాస్కులో టీ పోసుకుని ఇంటికి వెళ్లింది. తలుపు తీయకుండానే లోపలి నుంచి, బాగానే ఉన్నానమ్మా, రేపు వస్తాను అన్నాడు. ఫ్లాస్కు గుమ్మం దగ్గర పెట్టి వచ్చింది. సాయంత్రం వెళ్తే కడిగి బోర్లించి ఉంది. ఇప్పుడు పోస్టాఫీసు వైపు ఇంకో కొట్టు దగ్గర బల్ల చివర కూర్చుంటాడట. అక్కడివాళ్లకి ఆయన కథలు చెబుతాడని తెలియదు. మాటలు రాని మనిషేమో అనుకుంటున్నారని అక్క వాళ్ల వదిన చూసి వచ్చి చెప్పింది.

ఆయన అబద్ధాలకోరని, మంచి పని అయిందని కొందరు నాతో అన్నారు. వాళ్లలో ఒక్కడు కూడా తన తప్పు కాగితం మీద రాసి గేటు దగ్గర నిలబడ్డవాడు లేడు. వాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి.

ఇక నేను రాయడం ఎందుకంటే, ఆ ఆరు వరుసల కాగితం టీ కొట్టు అక్క దగ్గరే ఉంది, చక్కెర డబ్బా కింద. చదువుకున్నవాళ్లెవరైనా, ఆ కంపెనీ పెద్దాఫీసులో పాత ఫైళ్ల బీరువా తాళాలున్నవాళ్లెవరైనా ఇది చదివితే, వచ్చి ఆ కాగితం తీసుకెళ్లండి. పద్దెనిమిదేళ్ల కిందటి పాలిష్ డ్రమ్ముల మనిషి ఎంక్వైరీ ఫైలు తీయండి. "హాజరు కాలేదు" అని ఉంటుంది. ఒక్క గీతతో కొట్టేయండి, దిద్దింది కనపడేట్టు కొట్టేయండి. పైన, వచ్చాడు, గేటు దగ్గర మేమే ఆపేశాం, అని రాసి పక్కన పొట్టి సంతకం పెట్టండి.